నాలుగో వరసలో పిల్లల డాక్టరు

ఏడెనిమిదేళ్ళు పెద్ద కాలమేమీ కాదు గానీ, మెడలో స్టెతస్కోపు వేసుకుని నేల మీద కాలు ఆనకుండా తిరిగిన ఆ రోజుల్ని తలుచుకుంటే, అప్పటి నేను ఇంకెవరో అనిపిస్తుంది. ఎంబీబీఎస్ పాసయ్యి, హౌస్ సర్జన్సీ ముగించి, పీజీ ప్రవేశపరీక్ష రాసి, ర్యాంకు చేతిలో పట్టుకుని కూర్చున్న ఇరవై నాలుగేళ్ళ అమ్మాయికి ఈ లోకంలో తనకు తెలియనిది లేదని గట్టి నమ్మకం ఉంటుంది. నాకూ ఉండేది. ఒంట్లోని ఎముకలన్నీ వరసగా అప్పజెప్పగలిగిన దాన్ని, కావాల్సిన సీట్లు ఒక లిస్టులో వరసగా రాసుకోలేనా అనుకున్నాను. రాసుకోలేకపోయాను. అదెలా జరిగిందో చెప్పాలంటే ముందు మా అంగడి గురించి చెప్పాలి.

మాది ఆళ్ళగడ్డలో బట్టల అంగడి. మా నాయన గొప్పతనం మాటల్లో లేదు, చూపులో ఉంది. పెళ్ళి చీరల కోసం చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు వచ్చి పరుపు చుట్టూ కూర్చుంటే, యాభై చీరలు విప్పి పరిచి, నోరు మెదపకుండా వాళ్ళ చేతులు చూస్తూ ఉండేవాడు. "మాటలు నమ్మొద్దు పాపా. చెయ్యి మొదట యాడ పడిందో చూడు. వాళ్ళకు కావాల్సింది అదే" అనేవాడు. ఆ చీర ఏదో తెలిసిపోయాక ఇక ఆయన ధర తగ్గించేది కల్ల. అమ్మేవాడి గుట్టు తెలిసిన ఇల్లు కాబట్టి, మేము కొనడానికి వెళ్ళినప్పుడు కావాల్సిన సరుకు వైపు కన్నెత్తి చూడకూడదన్నది మా ఇంటి కట్టడి. మా అమ్మ వంకాయలు కొనాలంటే ముందు బెండకాయల్ని తిట్టి, దోసకాయల్ని గిల్లి, సంచి సర్దుకుని నాలుగడుగులు వేసి, అప్పుడు వెనక్కి తిరిగి "ఆ వంకాయలు ఎట్లిస్తావప్పా?" అని పెద్ద విసుగ్గా అడిగేది. చిన్నప్పుడు అహోబిలం తిరునాళ్ళలో నాకొక కొయ్యగుర్రం మీద మనసు పడింది. పద్ధతి తప్పకుండా, దాని పక్కనున్న పీపీని తెగ మెచ్చుకున్నాను. మా నాయన మురిసిపోయి పీపీ కొనిచ్చాడు. (ఊదుతూనే ఏడ్చాను.) బుద్ధి అప్పుడే రావాల్సింది.

ఇక అసలు సంగతి. హౌస్ సర్జన్‌గా నంద్యాలలో పిల్లల వార్డులో పనిచేస్తున్నప్పుడు, పగిడ్యాల వైపు నుంచి ఒక నాలుగేళ్ళ పాపను తెచ్చారు. వాంతులు, విరేచనాలు. కళ్ళు లోపలికి పోయాయి, పిలిస్తే పలకదు. నరం దొరక్క నేను తడుముకుంటుంటే, వార్డు పెద్ద డాక్టరమ్మ (మేము పెద్ద మేడం అనేవాళ్ళం) నన్ను పక్కకు జరిపి, ఒక్క ప్రయత్నంలో సూది ఎక్కించింది. పొద్దుటి నుంచి ఆ మంచం దగ్గరే ఉన్నాను. మధ్యాహ్నానికి ఆ పాప కళ్ళు తెరిచి, నన్ను ఎగాదిగా చూసి, "నాకు ఉగ్గాని కావాల" అంది. వాళ్ళమ్మ ఏడుస్తూనే నవ్వింది. పెద్ద మేడం కేస్ షీటు మూసి, "తిండి అడుగుతాండాదంటే ఇంక మనతో పని ల్యా" అని వెళ్ళిపోయింది. నేను మాత్రం కదల్లేదు. చదివితే పిల్లల వైద్యమే చదవాలి, ఇంకేదీ వద్దు అని అక్కడే తేల్చుకున్నాను. ఇంత సంతోషం ఇంకే వార్డులోనూ నాకు దొరకలేదు.

తేల్చుకున్నానే గానీ ఇంట్లో చెప్పలేదు. మా నాయనకు వేరే లెక్కలున్నాయి. "స్కానింగు డాక్టరైతే కూర్చుని చేసే పని. చర్మం డాక్టరైతే ఇంకా హాయి, దురదతో ఎవురూ పరిగెత్తుకోని రారు. పిల్లల డాక్టరంటే పండగ ల్యా, పబ్బం ల్యా" అనేవాడు. నేను "అవును నాయనా" అనేదాన్ని. ఎదురు చెప్పి ఆయన్ను ఒప్పించడం కంటే, లిస్టు నింపేటప్పుడు ఎలాగో సర్దుకోవచ్చులే అన్నది నా తెలివి.

ఆప్షన్లు ఇచ్చే రోజు వచ్చింది. కావాల్సిన సీట్లు వరసగా రాసి పంపితే, కంప్యూటరు పైనుంచి చూసుకుంటూ వచ్చి, మన ర్యాంకుకు మొదట ఏది దొరికితే అది ఇచ్చేస్తుంది. ఇంతే. చిన్నపిల్లలకు కూడా అర్థమవుతుంది. బేరాల్లేని మధ్యాహ్నం వేళ అంగట్లో పరుపు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. మా నాయన వచ్చి పక్కన చేరాడు.

"పాపా, ఈ లిస్టు ఎవురు చూస్తారు?"

"కంప్యూటరు నాయనా."

"కంప్యూటరు ఎనకాల మనిషి ఉంటాడు గదా? మొదటి గీతలోనే మన మనసు బయట పెట్టుకుంటే ఎట్లమ్మా?"

నవ్వాను. ఇది చీరల బేరం కాదని చెప్పాను. చెప్పిన నోటితోనే ఆలోచనలో పడ్డాను. రేడియాలజీ, చర్మం నా ర్యాంకుకు ఎలాగూ రావు. వాటిని పైన రాస్తే నాయనకు సంతోషం, అవి రాక పిల్లల సీటు వస్తే నాకు సంతోషం. అది కూడా నా ర్యాంకుకు అంచు మీదే ఉంది, కానీ వస్తుందనే ఆశ. ఎందుకైనా మంచిదని బనగానపల్లెలో ఉండే మా సీనియరుకు ఫోన్ చేశాను. ఏ సీటు కిందటేడు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేది కాబట్టి ఆమెను కటాఫక్క అనేవాళ్ళం. "నీ ర్యాంకుకు స్కిన్నా? కలలో గూడా రాదు. ధైర్యంగా రాసుకో" అని కొట్టిపారేసింది. నేను ధైర్యంగా రాసుకున్నాను. మొదట రేడియాలజీ, తర్వాత చర్మం, ఆ తర్వాత, నా మనసు బయటపడకుండా అడ్డానికి జనరల్ మెడిసిన్. ప్రాణం పెట్టుకున్న పిల్లల వైద్యం నాలుగో వరసలో.

చర్మం సీటు వచ్చింది.

"ఈ యేడాది సీట్లు పెంచినారంట, లెక్క తప్పింది. అయినా నీకేం, అదృష్టవంతురాలివి!" అని కటాఫక్క అభినందించింది. మా నాయన జిలేబీలు తెప్పించి బజారంతా పంచాడు. మరుసటి రోజు నుంచి అంగడికి వచ్చిన వాళ్ళు చీర సంగతి పక్కన పెట్టి మోచేతులు, మెడలు చూపించడం మొదలుపెట్టారు. ఒకావిడ మొగుడి చొక్కా గుండీలు విప్పించి వీపు మీద తామర చూపించింది. "మా పాప చదివి రానీ, చూపిద్దురు గాని" అని మా నాయన అందరికీ మాట ఇచ్చేశాడు. నేను మేడ మీద గదిలో తలుపేసుకుని ఏడుస్తున్నాను. ఈ సీటు కోసం ఎంతమంది కాచుకుని ఉంటారో నాకు తెలుసు. వాళ్ళ ముందు ఈ ఏడుపు చెప్పుకోవడానికి కూడా ముఖం చెల్లలేదు.

కాలేజీలో చేరడానికి రెండు రోజులుందనగా పెట్టె సర్దుకుంటున్నాను. మా నాయన వచ్చి మంచం మీద కూర్చున్నాడు. కర్నూలు నుంచి ఆయన తెప్పించిన చర్మవ్యాధుల పుస్తకం, చుట్టిన కాగితం కూడా తీయకుండా బల్ల మీద ఉంది. నేను దాన్ని దాటి చెయ్యి చాచి, అట్ట ఊడిన పాత పుస్తకాన్ని కొంగుతో తుడిచి పెట్టెలో పెట్టాను. ఆయన నా చేతినే చూస్తున్నాడు.

"ఏం పుస్తకమమ్మా అది?"

"పిల్లల వైద్యానిది."

"పొయ్యేది చర్మానికి గదా?"

నేను తలెత్తలేదు. కన్నీళ్ళు పుస్తకం మీద పడ్డాయి. "నాకు పిల్లల డాక్టరే కావాల నాయనా. మొదట్నుంచీ అదే కావాల."

"మరి నాలుగో వరసలో ఎందుకు రాస్తివి?"

"నువ్వే గదా మనసు బయట పెట్టుకోవద్దంటివి."

ఆయన మెల్లగా, "అది బజారులో వాళ్ళ దగ్గరమ్మా. నా దగ్గర గూడానా?" అన్నాడు. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మొదటి విడతలో వచ్చిన సీటు వదులుకుని, రెండో విడతలో కొత్తగా రాసుకునే వీలుంది. కానీ వదిలితే చర్మం పోయినట్టే. పిల్లల సీటు వస్తుందన్న హామీ ఏమీ లేదు, రాకపోతే ఏడాదంతా మళ్ళీ చదవాలి. ఈ మాట ఆయనకు అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్పాను. "రాకపోతే?" అన్నాడు. "మళ్ళీ పరీక్ష రాస్తా" అన్నాను. "అయితే వదిలెయ్. ఊరికి నేను చెప్పుకుంటాలే" అని లేచాడు. జిలేబీలు పంచిన ఆ బజారుకు ఏం చెప్పుకున్నాడో నేను అడగలేదు. వీపు చూపించినావిడ మాత్రం చాలా నొచ్చుకుందని అమ్మ చెప్పింది.

రెండోసారి లిస్టు రాసేటప్పుడు కూడా పక్కనే కూర్చున్నాడు. ఈసారి సలహా ఒక్కటీ ఇవ్వలేదు. అంతా అయ్యాక, "అన్నీ అదేనా?" అని అడిగాడు. "అన్నీ అదే నాయనా" అన్నాను. ఫలితం వచ్చేదాకా ఇద్దరం అన్నం కెలికి లేచినవాళ్ళమే. వచ్చింది. ఎక్కడో సముద్రం పక్క ఊళ్ళో, పిల్లల వైద్యం. పరిగెత్తి అంగట్లోకి వెళితే, చీరలు పరిచి ఉన్న పరుపు మీద నుంచి నా ముఖం చూసి, "వచ్చిందా?" అన్నాడు. తలూపాను. "యాడ?" "చానా దూరం." "దూరమైతే ఏం, బస్సులు ల్యావా?" అంటూనే, ఎదురుగా కూర్చున్న ఆడవాళ్ళు అడగకుండానే ధర తగ్గించేశాడు. ఫోన్లో కటాఫక్క, "వస్తుందని నేను ముందే చెప్పలేదా?" అంది.

ఇప్పుడు నేను నంద్యాలలోనే పిల్లల డాక్టర్ని. "మా పాపకు ఆ చదువు మీదే మనసు, నాకు మొదట్నుంచీ తెలుసు" అని మా నాయన అందరితో చెప్పుకుంటాడు. నేను కాదనను. బిడ్డ ఊరకే ఏడుస్తోందని కంగారుపడుతూ వచ్చే తల్లులకు, "భయపడొద్దమ్మా, తనకేం కావాలో చెప్తోంది, అంతే" అంటుంటాను. అన్న ప్రతిసారీ ఆ ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి గుర్తొచ్చి, నవ్వూ వస్తుంది, కొంచెం సిగ్గూ వేస్తుంది. పాపం, తనకేం కావాలో కన్నతండ్రికి చెప్పుకోవడానికి ఆమెకు ఒక చర్మం సీటు ఖర్చయింది.