నాపబండల మెట్టు

మా పక్కింటి డ్రిల్లయ్యవారు పోయారని ఆయన భార్య గోడ అవతలి నుంచి కేకేసిన పొద్దున, నా నోట ముందు వచ్చింది ఏడుపు కాదు. వాకిట్లో నిలబడిన మనవరాలిని చూసి, "నేను చెప్పలే? గడప మీద నిలబడొద్దంటే వింటివా?" అన్నాను. చదివేవాళ్లు నన్ను ఏమనుకున్నా సరే, అన్న మాట అన్నట్టే రాస్తున్నాను.

గడప సంగతి చెప్పాలి. మనవరాలు పోలీసు ఉద్యోగం కోసం పరుగు సాధన చేస్తోంది. కోయిలకుంట్ల రోడ్డు మీద ఉరికి ఉరికి మోకాలు వాచింది. నాకు దిగులు. నాకు దేనికైనా దిగులే. కుక్కరు కూత వేయకపోయినా దిగులు, వేసినా దిగులు. బడిలో డ్రిల్లు నేర్పి రిటైరైన మనిషి కదా అని ఆయన్ను పిలిచాను.

ఆయన మోకాలు ముట్టుకోలేదు. పిల్లను ఒంటికాలి మీద కొంచెం వంగి లేవమన్నారు. అది పక్కకు ఒరిగిపోయింది.

"సూడక్కా, మోకాలు నొస్తాందని మోకాల్ని తిట్టొద్దు. పైన తుంటిని, కింద పిక్కను అడగాల. అవి పని ఎగ్గొడితే పాపం ఇదొక్కటే మోస్తాండాది."

"ఉరికే పిల్లకు ఈ కుస్తీలేందయ్యోరూ? ఒళ్లు ముదిరిపోదూ?"

"ముదరనీలే అక్కా, బెండకాయ కాదు గదా!"

ఇసుక సంచి గుండెలకు హత్తుకొని కూర్చొని లేవడం, వెల్లకిలా పడుకొని నడుము ఎత్తడం నేర్పారు. నిజంగా నొప్పంటే మాన్పించేవారు, సోమరితనమైతే ఇట్టే కనిపెట్టేవారు. టీ ఇస్తే తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి పోయేవారు.

ఒకరోజు పిల్ల గడప అంచున మునివేళ్ల మీద నిలబడి మడమలు ఎత్తుతూ దించుతూ కనిపించింది. లక్ష్మి ఉండే చోటు! కీడు మూడుతుందని అరిచాను. మర్నాడు ఆయన నాపబండ ముక్కలు తెచ్చి, సిమెంటుతో ఒకదాని మీద ఒకటి అంటించి, గోడవారన మెట్టు కట్టారు. ఎగతాళి చేయలేదు. "ఇంక నీకు దిగులుండదు గదక్కా" అన్నారు. అంత మర్యాద చేసిన మనిషి చావును నేను ఆ పిల్ల నెత్తిన వేశాను.

అది ఉరకడం మానలేదు గానీ మెట్టు ఎక్కడం మానేసింది. వారం తిరిగేసరికి మళ్లీ కుంటుతోంది. పరుగు పరీక్ష దగ్గరపడుతోంది.

"నీ వల్ల గాదు పాపా, ఆయన గుండెజబ్బుతో పోయినాడు" అన్నాను.

"ముందు అట్ల అనలేదు గదవ్వా."

ఇంక నా మాటకు విలువ లేదని తెలిసింది. మర్నాడు పొద్దున్నే కుచ్చెళ్లు దోపుకొని, గోడ పట్టుకొని, ఆ మెట్టు నేనే ఎక్కాను. మడమలు ఎత్తితే కాళ్లు గడగడ వణికాయి.

"అవ్వా, పడతావు, దిగు!"

"నువ్వొచ్చి సూపించేదాకా దిగను."

అది కళ్లు తుడుచుకుంటూ వచ్చి నా నడుము పట్టుకుంది. "గోడను అట్ల నూకొద్దు, కూలిపోతాది. నువ్వు దిగు, నేను ఎక్కుతా" అంది.

రెండు రోజులకు ఆయన పెద్దకర్మ. భోజనాలకు పోతే పిక్కలు పట్టేసి కింద కూర్చోలేకపోయాను. మూలనున్న ఆయన భార్య లేచి, "కాళ్లకేమైందక్కా?" అంటూ కుర్చీ తెచ్చి వేసింది. ఆ పొద్దున నేనన్న మాట గోడ అవతల ఆమెకు వినబడిందో లేదో నాకు తెలియదు. అడిగే ధైర్యం లేదు. అందరూ చాప మీద కూర్చుంటే నేనొక్కదాన్నే ఆమె వేసిన కుర్చీలో, విస్తరి ఒళ్లో పెట్టుకొని, తల ఎత్తకుండా తిన్నాను.