మంచుకొండ మీద మా అత్తగారి డ్యూటీ

మొన్న శనివారం వింటర్ టైర్లు వేయించడానికి కారు తీసుకుని వెళ్లాను. మా ఎర్లాంగెన్‌లో సగం ఊరు సైకిళ్ల మీదే తిరుగుతుంది గానీ, అక్టోబరు రాగానే మిగతా సగానికీ ఒకేసారి టైర్లు గుర్తొస్తాయి. ఇక్కడ పెళ్లికి ముహూర్తమైనా దొరుకుతుందేమో గానీ టైర్లకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకదు. అలా దొరక్క దొరికిన టెర్మిన్‌లో, మెకానిక్ బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, ముందు బంపర్ దగ్గర ఆగి, అగ్గిపెట్టెంత కన్నంలో వేలు పెట్టి, "దీని మూత ఏది?" అని అడిగాడు. బండి ఎక్కడైనా ఇరుక్కుపోతే లాగడానికి కొక్కెం బిగించే చోటు అది. దాని మూత ఆరేళ్లుగా బవేరియా కొండల్లో ఎక్కడో పడి ఉంది. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా అత్తగారి గురించి చెప్పాలి, అత్తగారి గురించి చెప్పడానికి నా జర్మన్ చాలదు. "పోయింది" అని ఊరుకున్నాను. మీకైతే తెలుగులో చెప్పొచ్చు కదా.

మా అత్తగారు బస్సు కండక్టరు. కరీంనగర్ వైపు ఓ డిపోలో ముప్పై ఏళ్లు పనిచేసింది. కాలు పెట్టే సందు లేని బస్సులో అటు చివరి నుంచి ఇటు చివరికి ఈదుకుంటూ టిక్కెట్లు కొట్టి, ఎవరు ఎక్కడ దిగాలో గుర్తుపెట్టుకుని మరీ దింపిన మనిషి. ఆవిడ గొంతు వింటే ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్లు నోరెత్తకుండా లోపలికి జరిగేవారట. ఇవన్నీ మా ఆవిడ చెప్పిన మాటలు. నాకు తెలిసిన అత్తగారికి అసలు గొంతే లేదు. నేను హాల్లోకి వస్తే ఆవిడ వంటింట్లోకి పోయేది, నేను వంటింట్లోకి వెళ్తే మా పసిపాపని ఎత్తుకుని పడగ్గదిలోకి పోయేది. మాది చిన్న అద్దె ఇల్లు, కాబట్టి నేను చలిలో బాల్కనీలో నిలబడితే గాని ఆవిడకి ఇంట్లో తిరిగే వీలుండేది కాదు. అల్లుడితో నేరుగా మాట్లాడటం వాళ్లింట్లో మర్యాద కాదు. నాకేదైనా చెప్పాలంటే, నేను ఎదురుగానే ఉన్నా సరే, కూతురి వైపు తిరిగి, "బిడ్డా, సారు చాయ్ తాగుతరేమో అడుగు" అనేది. ఆ "సారు" డిపో అలవాటు. "తాగుతాను అత్తయ్యా" అని నేనంటే, ఆ జవాబు మళ్లీ మా ఆవిడ నోటి వెంట వినేదాకా స్టవ్ మీద గిన్నె పెట్టేది కాదు.

పాప పుట్టినప్పుడు మూడు నెలల సెలవు పెట్టి వచ్చింది. సెలవు అయిపోయే నెలాఖరుకే ఆవిడ రిటైర్మెంటు కూడా. శనివారం రాత్రి మ్యూనిక్‌లో విమానమెక్కితే ఆదివారానికి ఊరు చేరుతుంది. సోమవారం తన పాత రూటులో ఆఖరి డ్యూటీ చేసి, సాయంత్రం డిపోలో దండ వేయించుకుని ఇంటికి వెళ్తుంది. మంగళవారం నుంచి ఇక డ్యూటీయే లేదు కాబట్టి, ఆ విమానం తప్పితే ఆ ఆఖరి ట్రిప్పు జన్మలో మళ్లీ రాదు. దేనికీ ఆశపడని మనిషి ఆ ఒక్క ట్రిప్పుకి మాత్రం ఆశపడింది. దాంతోపాటు ఇంకో చిన్న కోరిక, మంచులో నిలబడి ఒక ఫోటో. డిపోలో వాళ్లు అడిగారట. ఆ ఏడు ఎర్లాంగెన్‌లో మూడు నెలలూ ముసురే తప్ప మంచు పడలేదు. మంచు మన దగ్గరికి రాకపోతే మనమే మంచు దగ్గరికి పోదామని ప్లాను వేసినవాణ్ణి నేను. పొద్దున్నే బయల్దేరి, మ్యూనిక్ దాటి కొండల దాకా వెళ్లి, ఫోటో తీసుకుని, అట్నుంచి అటే విమానాశ్రయానికి. "విమానమున్ననాడు గుట్టలెక్కుడేంది?" అంది మా ఆవిడ. చేతిలో బోలెడంత టైముందన్నాను. పసిపిల్లతో తను ఇంట్లోనే ఉండిపోయింది. కార్లో మేమిద్దరమే, ముందు నేను, వెనక సీట్లో అత్తగారు, ఆవిడ ఒళ్లో పెద్ద స్టీలు డబ్బా నిండా పులిహోర, ఒక గరిటె.

మూడు గంటల ప్రయాణంలో మేము మాట్లాడుకున్నదంతా ఎర్లాంగెన్ మీదుగా నడిచింది. ఆవిడ వెనక నుంచి కూతురికి ఫోన్ చేసి, "సారుకు ఆకలైతున్నదేమో అడుగు బిడ్డా" అంటే, కూతురు నాకు ఫోన్ చేసి అడిగేది. కొండ కిందికి చేరేసరికి అక్కడ పార్కింగులో పచ్చగడ్డి. మంచంతా పైన ఉంది. పక్క నుంచి ఒక సన్నటి రోడ్డు పైకి పోతోంది, దాని మొదట్లో ఎర్ర అంచున్న గుండ్రటి బోర్డు, దాని కింద బారెడు పొడుగు జర్మన్ మాట, చివర "ఫ్రై" అని ఉంది. ఫ్రై అంటే ఫ్రీ. బారెడు మాట నాకు తెలియదు, చివరి మాట తెలుసు. ఫ్రీ అని రాసి ఉన్నదాన్ని చూస్తూ చూస్తూ వదిలేసి వచ్చిన తెలుగువాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఆ బారెడు మాటకి అడవి పనులు చేసే బళ్లని అర్థమనీ, వాటికి మాత్రమే ఫ్రీ అనీ మధ్యాహ్నానికి తెలిసింది.

కిలోమీటరు దాకా బండి బుద్ధిగానే ఎక్కింది. ఆ తరవాత రోడ్డు మీద మంచు ఎవరో పాలిష్ పెట్టినట్టు నున్నగా ఉంది. ఎందుకిలా ఉందా అనుకునేలోపు చక్రాలు తిరుగుతున్నాయి గాని బండి కదలడం లేదు. ఇంకాస్త తొక్కాను. అప్పుడు కదిలింది, వెనక్కి. బ్రేకు వేస్తే వంకరగా జారి, వెనక చక్రం ఒకటి గట్టు పక్క కాలవలో దిగబడి, రోడ్డుకి అడ్డంగా నిలిచిపోయింది. రెండో పక్క లోయ. ఇంతలో పైనుంచి "బాన్ ఫ్రై! బాన్ ఫ్రై!" అని కేకలు. దారి ఖాళీ చెయ్యమని. ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక పెద్దావిడ చెక్క మంచుబండి మీద కూర్చుని జర్రున జారుకుంటూ మలుపు తిరిగి వచ్చేస్తోంది. నేను కారెక్కించింది చలికాలమంతా జనం మంచుబండ్ల మీద జారే బాట మీదికన్నమాట. ఆవిడ రెండు కాళ్లూ నేలకి తన్నిపెట్టి, మా తలుపుకి జానెడు దూరంలో ఆగి, టోపీ సర్దుకుని, నాకు పది నిమిషాలు పాఠం చెప్పింది. వెనక మరో నలుగురు వచ్చి ఆగారు. వాళ్లూ చెప్పారు. ఇక్కడికి కారెందుకు తెచ్చావన్నది అందరి ప్రశ్న. మా అత్తగారి ఫోటో కోసమన్నది నా జవాబు. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు.

దారిలో ఆగిన బళ్లను తీసేవాళ్లకి ఫోన్ చేస్తే, అడవి దారిలోకి మామూలు లారీ రాదు, వేరే బండి రావాలి, సాయంత్రమవుతుందో రేపే అవుతుందో అన్నారు. అప్పటికి పన్నెండున్నర. ఏ మంచు కోసం ఇంత దూరం వచ్చామో ఆ మంచులోనే నిలబడి, అత్తగారు ఒక్కసారి కూడా దాని వైపు చూడలేదు. చేతి గడియారమే చూసుకుంటోంది. చివరికి ఫోన్ తీసి, అటు తిరిగి, చాలా మెల్లగా అడిగింది. "సోమవారం డ్యూటీకి అందుతనా, ఒక్కమాట సారును అడుగు బిడ్డా. ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడు గూడ లేటు పోలే." ఆ మాట నాకు ఆవిడ నోటి నుంచీ వినబడింది, నిమిషం తరవాత నా ఫోన్లోంచీ వినబడింది. తిట్టినా బాగుండేది. నా గొప్పకి పోయి ఆవిడకున్న ఒక్క ఆశనీ మంచులో దింపానే అని నిజంగా ఏడుపొచ్చింది. ఎర్ర టోపీ ఆవిడ నా మొహం చూసి ఏమనుకుందో, ఫోన్ తీసి ఎవరితోనో గట్టిగా మాట్లాడింది. పాఠం పూర్తయ్యాక సాయం చెయ్యడం కూడా ఇక్కడివాళ్ల పద్ధతే.

గంటకి పైనుంచి ఒక ట్రాక్టరు చక్రాలకి గొలుసులు చుట్టుకుని గలగలమంటూ దిగింది. కొండ మీద ఆవుల కొట్టం నడిపే రైతు, డెబ్భై ఏళ్లుంటాయి. ఏమడిగినా ఒకటే మాట, "పాస్ట్." సరిపోతుందిలే అని దానర్థం. తాడు చాలుతుందా అంటే పాస్ట్, టైముకి తేలుతుందా అంటే పాస్ట్. అత్తగారు ఆ మాట నాలుగుసార్లు విని, గుండె మీద చెయ్యేసుకుని ఫోనెత్తింది. "బిడ్డా, ఈ పెద్దమనిషి పస్తున్నడట! పొద్దుగాలటి సంది ఏం దినలేదేమో పాపం." నేను అర్థం విడమరిచేలోపే ఆయన చేతిలోకి స్టీలు డబ్బా, గరిటె వెళ్లిపోయాయి. ఆయన కాదనలేదు. మూడో గరిటెకి పచ్చిమిరపకాయ కొరికి, కోటు గుండీలు విప్పేసుకుని, కళ్లు తుడుచుకుని, "పాస్ట్" అని మిగిలింది కూడా తినేశాడు.

లాగడానికి కొక్కెం కావాలి. కొక్కెం డిక్కీ అడుగున ఉంది. దాని మీద డిపో మొత్తానికి చాక్లెట్లు కుక్కిన రెండు సూట్‌కేసులు. బండి బరువు కూడా తగ్గుతుందని ఎర్ర టోపీ ఆవిడ వాటిని రెండు మంచుబండ్లకి కట్టించి, అత్తగారి పేరు స్కెచ్ పెన్నుతో పెద్దక్షరాలతో రాసి ఉన్న సూట్‌కేసు మీద తనే ఎక్కి కూర్చుని, "బాన్ ఫ్రై!" అని అరుస్తూ మలుపు తిరిగి మాయమైపోయింది. "కిందికి వోయినంక ఇస్తరా బిడ్డా?" అని అత్తగారు ఫోన్లో వాకబు చేసింది. రైతు స్క్రూడ్రైవరుతో బంపర్ మూత ఊడబీకి, దాని వైపైనా చూడకుండా మంచులోకి విసిరేసి, కొక్కెం బిగించి తాడు కట్టాడు. ఆయన పైకి వెనక్కి పోతూ కారుని కాలవలోంచి లాగాలి. తరవాత తాడు బిగువు మీదే మెల్లగా దిగుతుంటే, నేను రివర్స్‌లో కిలోమీటరు కిందికి జారాలి. నా వెనక అద్దం ఆవిరి పట్టి పోయింది, ఆయనకి నా వెనకేముందో కనబడదు. కింద నిలబడి ఇద్దరికీ చెప్పే మనిషి కావాలి. ఎవరా అని చూసేసరికి అత్తగారు అక్కడే ఉంది, కూతురి చలికోటు మీదుగా కొంగు నడుముకి బిగించి.

"రైట్ రైట్!" అంది. మన బస్సుల్లో అలా అంటే పోనివ్వమని. రైతుకి వచ్చిన కాస్త ఇంగ్లీషులో అది కుడి. ఆయన స్టీరింగు కుడికి కొట్టాడు, తాడు లాక్కుపోయి నా బండి ముక్కు లోయ వైపు తిరిగింది. అప్పుడు విన్నాను ఆ గొంతు. "హోల్డాన్! హోల్డాన్! ఓ డ్రైవర్, బ్రేక్ దొక్కు! ఎటు వోతున్నవ్, కండ్లు గనవడ్తలేవా?" ఆ డ్రైవర్ని నేనే. నా కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ట్రాక్టరూ ఆగింది, మమ్మల్ని దాటడానికి పక్క అడవిలోంచి మంచుబండ్లు తోసుకుపోతున్న జనమూ ఆగారు. అత్తగారు చుట్టూ చూసి, ఖాళీ అయిన పులిహోర డబ్బా మూత చేతిలోకి తీసుకుని గరిటెతో ఒక దెబ్బ కొట్టి అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆగమని. రెండు దెబ్బలు కొట్టి చెయ్యి ఊపింది. పొమ్మని. రైతు చెయ్యెత్తి "పాస్ట్" అన్నాడు. ఈసారి అత్తగారు ఆయన పస్తు సంగతి పట్టించుకోలేదు.

కాలవలోంచి ఒక్క ఊపులో లేచింది బండి. ఆ తరవాత గంటసేపు, "రానీ, రానీ, జర లెఫ్టు కొట్టు, ఇగ సీదా, సీదా రానీ" అన్న గొంతు, మధ్యమధ్య మూత మీద ఖణేల్‌మని దెబ్బలు. అద్దంలో చూడటం మానేసి ఆవిడ గొంతునే పట్టుకుని దిగాను. నాకు అంత ధైర్యంగా జర్మనీలో ఇంకెప్పుడూ అనిపించలేదు. మంచుబండ్ల వాళ్లంతా వాటిని చేతపట్టుకుని మా వెనక ఊరేగింపులా నడిచొచ్చారు. మూడున్నరకి కిందికి చేరాం. సూట్‌కేసులు బెంచీ మీద భద్రంగా కూర్చున్నాయి. గట్టు పక్కన మిగిలిన కాస్త మంచులో, చేతిలో మూత, గరిటెతోనే అత్తగారికి ఫోటో తీశాను. ఆవిడ గుప్పెడు మంచు తీసి చూసి, "గిదేనా? ఫ్రిజ్జుల రోజు గీకి పారేసేదే గద" అంది, ఎవరితోనూ కాదన్నట్టు. విమానాశ్రయం దారిలో మళ్లీ ఎర్లాంగెన్ మీదుగా కబురొచ్చింది. "కోపంల ఏమన్న అన్ననేమో, మనసుల వెట్టుకోవద్దని సారుకు చెప్పు బిడ్డా." రోజూ అలాగే అరవమని చెప్పమన్నాను. వెనక సీట్లో నవ్వు వినబడింది. విమానం అందింది.

సోమవారం మధ్యాహ్నం ఫోన్ మోగితే నేనెత్తాను. "బిడ్డ లేదా?" అంది. పాపకి స్నానం చేయిస్తోందన్నాను. పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. "సారూ" అని మొదలుపెట్టి, మొట్టమొదటిసారి నాతోనే చెప్పింది. ట్రిప్పంతా టైముకే నడిచిందట. బస్టాండులో జనం దిగిపోయారు. ఖాళీ బస్సు డిపోకి పోవాలి, అక్కడ దండలు పట్టుకుని అందరూ నిలబడ్డారు. ఇంకా పది నిమిషాల టైముంది. గేటు కాస్త దూరం ఉందనగా ఆవిడే డ్రైవరుతో చెప్పి బండి పక్కకి ఆపించిందట. ఎన్నడూ కూర్చోని కిటికీ పక్క సీట్లో వెళ్లి కూర్చుందట. "గేటు లోపటికి వోతే అయిపాయె గద సారూ" అంది. ముప్పై ఏళ్లు అందరినీ టైముకి చేర్చిన మనిషి తనకోసం ఉంచుకున్నది ఆ పది నిమిషాలే. ఆ కొండ మీద మాకు ఇంకో రెండు గంటలు ఆలస్యమై ఉంటే అవి కూడా ఆవిడకి దక్కేవి కావు.