చెన్నమ్మలందరూ ఒకటైన రోజు

కంప్యూటర్‌లో నొక్కిన ఒక్క నొక్కు ఏళ్ల తరబడి నా ఛాతీ మీద కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. కంప్యూటర్లు విప్పి, బిగించి పని నేర్చుకున్నాను. తెలియని చోట జోకు వేస్తాను. ఇన్నాళ్లూ అదే నన్ను గట్టెక్కించింది.

మార్కాపురంలో రమణక్క రక్తపరీక్షల ల్యాబు నడుపుతోంది. రిపోర్టులు దాచే సాఫ్ట్‌వేర్ అందులో నేనే పెట్టాను. దాన్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. చిక్కొస్తే ఫోనెత్తి దారి చెప్పడానికి మాత్రం తయారు చేసినవాళ్లు ఏడాదికింత అని తీసుకుంటారు. కడదామంది అక్క.

“అన్నదానంలో తిని బిల్లు కడతానంటావేందక్కా? నేను లేనా?”

నవ్వింది. కట్టలేదు.

ఒక మధ్యాహ్నం పరీక్షలు చేయించుకున్నవాళ్ల జాబితాలో ఒకే పేరు మళ్లీ మళ్లీ కనబడింది. ఒకే పేరున్నవాటిని కలిపేసే ఏర్పాటు కూడా కనబడింది. శుభ్రంగా ఉంటుందని నొక్కాను. ముందుగా నకలు తీసి పెట్టుకోలేదు. చెన్నకేశవస్వామి ఊరు కదా, వీధికి నలుగురు చెన్నకేశవులు, నలుగురు చెన్నమ్మలు. అంతమంది చెన్నమ్మలూ ఒక్క చెన్నమ్మ అయిపోయారు. ఒకరి షుగరు, ఇంకొకరి బ్లడ్ గ్రూపు. వెనక్కి తెచ్చే దారి ఉండే ఉంటుంది. ఎవరినడగాలి? ‘నాకు తెలీదు, చెప్పండి’ అని అడగడానికి ఒక మనిషి ఉండాలనే కదా ఆ డబ్బు? వద్దన్నది నేనే కదా?

అప్పుడే తర్లుపాడు నుంచి ఒక నిండు గర్భిణి వచ్చింది. పాత రిపోర్టు పోయిందట, కాన్పుకు కావాలట. పేరు చెన్నమ్మ. అక్క ప్రింటు తీస్తూ నా వైపు తిరిగింది.

“ఏరా, అంతా బాగుందా? అట్ల చెమట్లు పట్టినాయేంది?”

“నీ ఫ్యాను అట్ల తిరుగుతాంది లే అక్కా. మిషను నాకంటే బాగుంది.”

అక్కా, ఆ గర్భిణీ ఇద్దరూ నవ్వారు. ఆ కాగితంలో ఉన్నది ఏ చెన్నమ్మ బ్లడ్ గ్రూపో నాకు తెలియదు. ఆమె దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది. నేను మళ్లీ కంప్యూటర్ వైపు తిరిగాను.

రక్తం ఎక్కించాల్సి వస్తే ఆస్పత్రిలో మళ్లీ పరీక్ష చేస్తారులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పటికీ చెప్పుకుంటున్నాను. చేశారా? తర్లుపాడు ఎంత దూరం, వెళ్లి అడగొచ్చు. అడిగితే జవాబు వస్తుందే, అదే నా భయం. బస్సులో బిడ్డనెత్తుకున్న ఏ తల్లి కనబడినా ఆమేనేమో అని చూస్తాను, ఆమె కాదని తేలిపోతుందేమోనని అంతలోనే చూపు తిప్పుకుంటాను.

పాత రిపోర్టులు అందులో ఇంకా అలాగే కలిసి ఉన్నాయి. అక్కకు చెప్పలేదు. మీకు చెప్పాను. కాస్త ఊపిరాడుతోంది.

రేపు ఇంకో చెన్నమ్మ పాత కాగితం కోసం రావచ్చు.