జనం పెట్టిన పేరు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఒకే ఒక్క వాక్యం. చెప్పడానికి క్షణం పట్టలేదు. దించుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది, అదీ మీ ముందు, మీరెవరో నాకు తెలియదు కాబట్టి, నేనెవరో మీకు తెలిసే వీలు లేదు కాబట్టి.

నా గురించి కొంత చెప్పాలి. కరీంనగర్‌లో చిన్న వ్యాపారులకు కాగితాల పని చేసి పెడతాను. దుకాణం లైసెన్సు, జీఎస్టీ, ఫుడ్ రిజిస్ట్రేషన్, భాగస్వామ్య పత్రం, ట్రేడ్‌మార్కు. వకీలును కాను. వకీలులా ముఖం పెట్టడం మాత్రం బాగా వచ్చు. అప్పుడప్పుడూ వర్తకుల సంఘం హాల్లో చిన్న వ్యాపారులకు చట్టం గురించి క్లాసు చెప్తాను. ముందు వరుసలో వాళ్లు ఫోన్లు చూసుకుంటుంటారు. వెనక వరుసలో వాళ్లు సమోసాలు ఎప్పుడొస్తాయా అని తలుపు వైపు చూస్తుంటారు. చదవకుండా సంతకం పెట్టడం వీళ్లకు పెద్దమనిషితనం, చదివి పెట్టండి అంటే మొహం మాడ్చుకుంటారు. అందుకే ప్రతి క్లాసులో నా మొదటి మాట ఒకటే: నోటిమాటను నమ్మకండి, సంతకం లేని కాగితాన్ని అసలే నమ్మకండి, ఎవరైనా తెచ్చిస్తే చించి అవతల పారేయండి. అందరూ తలలూపుతారు. వాళ్లను చూస్తే నాకు చులకన. ఆ చులకన వాళ్ల మీదే అని చాలాకాలం అనుకున్నాను.

ఇక ఆమె సంగతి. అసలు పేరు చెప్పను. అందరూ ఖాలా అనేవారు. ఉర్దూలో ఖాలా అంటే పిన్ని. బస్టాండు వెనక గల్లీలో, ఇంటి ముందు గదిలో మామిడికాయ తొక్కు అమ్మేది. మీ వైపు పచ్చడి అంటారేమో, మాకు తొక్కే. ఆమె భర్త ఒకప్పుడు మస్కట్‌లో పని చేశాడు. వెళ్లేటప్పుడు పట్టుకెళ్లిన తొక్కు ఆయన గదిలో ఉండేవాళ్లంతా తిన్నారు, పక్క గదుల వాళ్లూ తిన్నారు. తర్వాత నడుము చెడి ఆయన ఇంటికొచ్చి కూర్చున్నా తొక్కు మాత్రం గల్ఫ్‌కు పోతూనే ఉంది. జగిత్యాల, పెద్దపల్లి, మంథని, ఎక్కడివాళ్లయినా సరే, విమానం ఎక్కే ముందు కరీంనగర్‌లో బస్సు దిగి ఆమె ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. ఆమె తొక్కును మందపాటి కవర్లో పోసి, గాలి పోయేలా నొక్కి, మూతిని కొవ్వొత్తి మంట మీద అతికించేది. దాన్ని ఇంకో కవర్లో పెట్టి మళ్లీ అతికించేది. సూట్‌కేసులో బట్టల మీద నూనె చుక్క పడేది కాదు. మంథని రైతుల కొడుకులు కూడా ఆమెను ఖాలా అనే పిలిచేవారు.

అప్పటికి బోర్డు లేదు, లేబుల్ లేదు. ఫుడ్ రిజిస్ట్రేషన్ లేకపోతే జరిమానా వేస్తారని ఎవరో భయపెడితే నా దగ్గరికి వచ్చింది. ఫారంలో వ్యాపారం పేరు రాయాలి. ఏం రాయమంటావని అడిగితే నవ్వింది. ఖాలా తొక్కు అని నేనే రాశాను. బోర్డు పెట్టించిందీ నేనే. పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించుకోమని మాత్రం చెప్పలేదు. అప్పటికింకా నా మనసులో దురుద్దేశం లేదు. బద్ధకం. ఇలాంటివాళ్లకు ట్రేడ్‌మార్కు దేనికిలే అనుకున్నాను. ఇలాంటివాళ్లు అని అనుకున్నానే, అక్కడే నా గుణం మొత్తం బయటపడుతుంది.

నా భార్య తమ్ముడికి ఊరి బయట కారం, పసుపు పట్టే మిల్లు ఉంది. మాట్లాడేటప్పుడు ఎదుటివాడి ముఖం చూడడు, తన చేతి గడియారం చూసుకుంటాడు. వాళ్లింట్లో ఏదైనా శుభకార్యమైతే వాడి చుట్టూ జనం, నాకు మూలకు ఒక ప్లాస్టిక్ కుర్చీ. కాగితాల అల్లుడని పేరు పెట్టారు నాకు, ముఖం మీదే అనేవారు. ఒకరోజు వాడు భోజనం చేస్తూ, తొక్కుల వ్యాపారంలోకి దిగుతున్నానని, మంచి పేరు కావాలని, ఖాలా పేరు ఎవరైనా రిజిస్టరు చేయించారా అని అడిగాడు. లేదన్నాను. వాడు అడిగింది అంతే, నేను చెప్పిందీ అంతే. మర్నాడు దరఖాస్తు నేనే వేశాను.

అలా వేసిన పేరును ప్రభుత్వం తన పత్రికలో ప్రకటించి, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవడానికి కొన్ని నెలల గడువిస్తుంది. ఆ పత్రికను నాలాంటివాళ్లు తప్ప ఎవరూ తెరవరు. ఆ నెలల్లోనే ఖాలా ఏదో పని మీద నా ఆఫీసుకు వచ్చింది. కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఆ సంగతి మాత్రం ఎత్తలేదు. టీ ఎందుకు తెప్పించాను?

పేరు బామ్మర్దికి రిజిస్టరైంది. ఇక ఆ పేరు వాడొద్దని, వాడితే కోర్టుకు లాగుతామని ఖాలాకు నోటీసు వెళ్లింది. కింద పేరు నాకు తెలిసిన ఒక వకీలుది, మాటలు నావి. నా బల్ల మీదే రాశాను. కొద్దిరోజులకు ఆమె దాన్ని తెచ్చి అదే బల్ల మీద నా ముందు పెట్టింది.

"సార్, గిది పోస్టుల వచ్చింది. జర చదివి చెప్పుండ్రి. ఇంట్ల మా ఆయన పరేషాన్ అయితుండు."

నేను రాసిన మాటల్నే కళ్లద్దాలు పెట్టుకుని, మొదటిసారి చూస్తున్నట్టు చదివాను. మధ్యలో ఒకసారి నొసలు కూడా చిట్లించాను.

"నీ పేరు వేరేటోళ్లు రిజిస్టర్ చేసుకున్నరు ఖాలా. ఇగ నువ్వు వాడొద్దంటున్నరు."

"ఆ పేరు నేను పెట్టుకోలే సార్. జనం పెట్టిండ్రు. జనం పెట్టిన పేరు ఇంకొకలు ఎట్ల రాయించుకుంటరు?"

చట్టం అడిగేదీ ఇదే. ఒక పేరును ముందునుంచీ వాడుతున్న మనిషిని, తర్వాత వచ్చి రిజిస్టరు చేసుకున్నవాడు ఆపలేడు. పాత బిల్లులు, బోర్డు ఫొటో, కొన్నవాళ్ల సాక్ష్యం ఉంటే చాలు. సాక్షులకు ఆమెకేం కొరత? మంథని నుంచి మస్కట్ దాకా ఉన్నారు. ఇదంతా నాకు తెలుసు, కంఠతా తెలుసు. ఆమె ముఖంలోకి చూస్తూ అన్నాను.

"ఎవలు ముందు రిజిస్టర్ చేసుకుంటే పేరు వాళ్లదే ఖాలా. కానూన్ గదే. జనం మాట కోర్టుల నడువది."

"కోర్టుకు పోతే?"

"పోతే ఏండ్లకేండ్లు తిరుగుడే. మీ ఆయన పానం అసలే బాగలేదు."

ఆమె నోటీసును మడిచి సంచిలో పెట్టుకుంది.

"మీరు చెప్తే నిజమే ఉంటది సార్. బోర్డు తీసేస్తం. మమ్మల్ని కోర్టు మెట్లు ఎక్కకుంట కాపాడిండ్రు, గంతే చాలు."

కాపాడానట. ఆ మాటకు నేను తల కూడా ఊపాను.

ఎందుకు చేశాను? డబ్బుకని చెప్తే కొంత అర్థవంతంగా ఉంటుంది, కానీ బామ్మర్ది ఇచ్చింది మామూలు ఫీజే, అందులోనూ బేరమాడాడు. భార్య కోసమా? ఆమెకు ఈ సంగతి ఇప్పటికీ తెలియదు. నాకు దక్కింది ఒకటే. ఆ తర్వాత అత్తగారింట్లో జరిగిన మొదటి శుభకార్యంలో బామ్మర్ది అందరి ముందు నా భుజం మీద చెయ్యేసి, బావ లేకుంటే ఈ వ్యాపారం లేదన్నాడు. ఆ రోజు నాకు పెద్ద పీట వేశారు. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేపి సోఫాలో కూర్చోబెట్టారు. ఒక ఆడమనిషి బతుకును కూలగొట్టి నేను సంపాదించింది ఆ సోఫాలో కాసేపు చోటు. ఇంత చవగ్గా అమ్ముడుపోయినవాడు ఊళ్లోవాళ్లను చులకన చేస్తూ తిరుగుతున్నాడంటే, ఆ ఊరు కూడా వాణ్ని నమస్కారం సార్ అంటూ పలకరిస్తున్నదంటే, ఎవర్ని చూసి నవ్వాలో మీరే చెప్పండి.

బామ్మర్ది సీసాలు దుకాణాల్లోకి వచ్చాయి. మీద తలకు ముసుగేసుకున్న ఒక ఆడమనిషి బొమ్మ. ఖాలా కన్నా చిన్న వయసు, తెల్లటి రంగు, చేతిలో గరిటె. గల్ఫ్‌కు పోయేవాళ్లు ఆ సీసాలే కొనడం మొదలుపెట్టారు. ఖాలా బోర్డు లేకుండా, పేరు లేకుండా కొన్నాళ్లు అమ్మింది. మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన ఒకాయన, సీసా లేదు, బొమ్మ లేదు, ఇది ఖాలా తొక్కు ఎట్లవుతుంది, డూప్లికేట్ అమ్ముతున్నావా అని ఆమెను గల్లీలో నిలబెట్టి అడిగాడట. ఖాలాను నేనే అని ఆమె చెప్పలేదట. చెప్తే కేసవుతుందేమోనని భయపడిందట. ఆ తర్వాత గల్లీ పిల్లలు ఖాలా అని పిలిస్తే, ఇంటి ముందు అట్ల పిలవొద్దని బతిమాలేదట. ఇవన్నీ ఆమె భర్త నాకు చెప్పాడు, ఫిర్యాదుగా కాదు, ఆమెకు కాస్త ధైర్యం చెప్పమని అడగడానికి వచ్చి.

మరుసటి ఏడు వాళ్లు ఆ ఇల్లు ఖాళీ చేసి ఆమె పుట్టిన ఊరు ఖానాపూర్ వెళ్లిపోయారు.

ఇంకోటి చెప్పాలి, ఇదే నాకు ఎక్కువ కష్టం. ప్రతి ఎండాకాలం ఖానాపూర్ నుంచి బస్సు పార్శిల్‌లో నాకు తొక్కు వస్తుంది. రెండు కవర్లు, కొవ్వొత్తి మంట మీద అతికించిన మూతి. కోర్టు నుంచి కాపాడినందుకు. మీద ఏ పేరూ ఉండదు. సగం మా అత్తగారింటికి పోతుంది, ఎందుకంటే బామ్మర్ది తన సీసాల్లోది తినడు, వాడి పిల్లలు అసలే తినరు. నేను తింటాను. గొంతు దిగలేదని రాస్తే మీకు నా మీద కాస్త మర్యాద మిగిలేది. కానీ దిగుతుంది, రెండోసారి కూడా వేయించుకుంటాను.

చట్టంలో ఇంకో మాట ఉంది. ఇంకొకడు తన పేరును రిజిస్టరు చేసుకుని వాడుతున్నాడని తెలిసి కూడా అసలు మనిషి ఐదేళ్లు వరసగా ఊరుకుంటే, ఆ రిజిస్ట్రేషన్ తీసేయమని అడిగే హక్కు పోతుంది. ఆ ఐదేళ్లూ నేను గమనిస్తూనే ఉన్నాను. ఆమెకు ఎవరైనా మంచి వకీలు తగులుతాడేమో, ఎవరైనా నిజం చెప్తారేమో అని. గడువు దాటిన వారం నాకు హాయిగా నిద్ర పట్టింది. అది మర్చిపోలేను.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నాను? మొన్న క్లాసులో జైనూర్ నుంచి వచ్చిన ఒకామె లేచింది. ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతుందట. తమ పేరు ఎవరో రిజిస్టరు చేసుకుని నోటీసు పంపారు, మానుకోవాలా అని అడిగింది. అక్కర్లేదన్నాను. ముందు వాడింది మీరైతే హక్కు మీదేనన్నాను. పాత బిల్లులు తీయండి, కొన్నవాళ్లను సాక్ష్యానికి పిలవండి, జనం మాటకు కోర్టులో విలువుంటుందన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! చప్పట్లు కొట్టారు. సంఘం పెద్ద నాకు శాలువా కప్పాడు. ఖాలాకు ఇవ్వని నిజాన్ని ఒక శాలువాకూ రెండు సమోసాలకూ ఇచ్చేశాను. జైనూర్ ఆమె వెళ్తూ వెళ్తూ దండం పెట్టింది.

ఖాలాకు దారులన్నీ మూసుకుపోలేదు. ఆ ఐదేళ్ల లెక్కకు ఒక మినహాయింపు ఉంది. పేరును దుర్బుద్ధితో రిజిస్టరు చేసుకున్నట్టు తేలితే ఆ గడువు అడ్డం రాదు. ఇవాళైనా అడగొచ్చు. దుర్బుద్ధి ఉందని ఎవరు చెప్పగలరు? బామ్మర్ది చెప్పడు. దరఖాస్తు వేసినవాడు, నోటీసు రాసినవాడు, దాన్ని ఆమెకే చదివి వినిపించినవాడు చెప్పాలి. ఆమెకు కావలసింది ఒక కాగితం, దాని మీద నా పేరు, నా సంతకం. ఖానాపూర్ బస్సు రోజూ ఉంది.

ఇదంతా రాశాక గుండె తేలికపడింది. నిజం చెప్తున్నాను, తేలికపడింది, అందుకు నామీద నాకు ఇంకా అసహ్యంగా ఉంది. క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీకు లేదు, ఆమెకే ఉంది, ఆమె దగ్గరికి నేను వెళ్లలేదు. పై నుంచి కింది దాకా మళ్లీ చూసుకున్నాను. నా పేరు ఎక్కడా రాయలేదు. కింద సంతకం కూడా పెట్టడం లేదు.

ఇలాంటి కాగితాన్ని ఏం చేయాలో నేను క్లాసులో మొదటే చెప్తాను.