మ్యాప్‌లో మూతపడిన మా టార్పాలిన్ కొట్టు

2023 వానాకాలం. సాలూరు బైపాస్ పక్కన మా కొట్టు. లారీ సరుకు మీద కప్పే టార్పాలిన్లు కుడతాం, చిరిగితే అతుకులు వేస్తాం. మా ఆయన పోయి అప్పటికి రెండు నెలలు. మిషన్ పాతికేళ్లుగా తొక్కుతున్నది నేనే అయినా, జనానికి కనబడింది ఆయన.

మా బేరాలు సగం ఫోన్లోనే. రాయపూర్ నుంచి దిగే డ్రైవరు మ్యాప్‌లో వెతికి, చిరుగు ఫొటో పంపి, తను వచ్చేసరికి అతుకు ముక్క కోసి ఉంచమంటాడు. ఆ ఏడాది వాన పడుతున్నా ఫోను మోగలేదు. ఈ సీజన్ ఇలాగే పోతే కొట్టు అద్దెకిచ్చేద్దామని మరిది రామ్మూర్తి అప్పటికే మనిషిని చూసి పెట్టాడు.

ఒకరోజు పాత బేరం డ్రైవరు తవిటయ్య కొట్టు ముందు లారీ ఆపి నోరు తెరిచాడు.

"ఓలప్పా, నువ్వీడే ఉన్నావేటి! కొట్టు శాశ్వతంగా మూసీసినారని మ్యాప్‌లో ఉన్నాది. నాను బొబ్బిల్లో కుట్టించీసినాను."

"నాను కూడా సచ్చిపోనానని రాసినారేటి?"

"నీ గురించి ఏటీ నేదు. కొట్టు గురించే."

నాకు సంతకం వరకే వచ్చు. పక్క నెట్ సెంటర్ నీలవేణి దగ్గరికి వెళ్లాను. మ్యాప్‌లో మన కొట్టుకున్న పేజీని లిస్టింగ్ అంటారట. దాంట్లో ఎవరైనా ఫొటో పెట్టొచ్చు, కొట్టు మూసేశారని చెప్పొచ్చు. ఎవరో పెట్టిన ఫొటో చూపించింది. దించిన షట్టరు, పైన బోర్డు కనబడకుండా మరిది కట్టించిన శ్రద్ధాంజలి ఫ్లెక్సీ. ఆయన పోయాక పదకొండు రోజులు మూసిన మాట నిజమే. ఫ్లెక్సీ మాత్రం ఇంకా దిగలేదు.

కొట్టు నడుస్తోందని రుజువు చూపడాన్ని వెరిఫికేషన్ అంటారు. వీధి, బోర్డు, తాళం తీయడం, మిషన్, అన్నీ ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. మొదటి వీడియోని మ్యాప్ వాళ్లు తిప్పి పంపేశారు. బోర్డు లేదన్నారు.

నిచ్చెన వేశాను. రామ్మూర్తి పరుగున వచ్చాడు.

"సంవచ్చరీకం అవకుండా అన్నయ్యని దించీస్తావేటి వదినా? ఊరేటంటాది?"

"ఊరొచ్చి నా మిషన్ తొక్కుతాదా?"

"పొద్దున్నే నీ మొకం సూసి ఏ డ్రైవరు బండి తీస్తాడు?"

"తీయకపోతే ఆడి సరుకే తడుస్తాది. నిచ్చెన పట్టు."

పట్టలేదు. నీలవేణి పట్టింది. ఆయన మొహం మీద మడత పడకుండా ఫ్లెక్సీ చుట్టి, లోపల మిషన్‌కి ఎదురుగా గోడకి కట్టాను.

"చేతులు కనబడితే చాలు పిన్నీ, మొహం అక్కర్లేదు," అంది నీలవేణి ఫోను ఎత్తుతూ.

"మొకమే ముందు తియ్యి. తాళం తీసింది ఎవులో సూడనీ."

నాలుగో రోజుకి మ్యాప్‌లో కొట్టు తెరుచుకుంది. మధ్యాహ్నం ఎవరో కొత్త డ్రైవరు ఫోన్ చేశాడు.

"ఓనర్ గారున్నారామ్మా?"

"మాటాడతన్నాను. చిరుగెంతుందో సెప్పు."

బైపాస్ మీద ఏ కొట్టువాళ్లింట చావు జరిగినా ఇప్పుడు పలకరించడానికి వెళ్తాను. అందరూ లేచాక ఆ ఇల్లాలి చెవిలో ఒకటే చెబుతాను: "ఫ్లెక్సీ కడితే కట్టనీ అమ్మా. కొట్టు బోర్డు మీద మాత్రం కట్టనీకు."