ఉలి పెట్టిన మీసం

పోయిన నెల ఒక సోమవారం పొద్దున నేను మీసంతో నిద్రలేచాను. నవ్వకండి, టీ తాగుతూ వినండి.

మా టీమ్‌లో చియోమా అని నైజీరియా అమ్మాయి ఉంది. ఇగ్బో తెగ వాళ్లు. ఆదివారం వాళ్ల అక్క పెళ్లి, ఇక్కడే అమెరికాలో, మేముండే క్యారీ ఊళ్లో. "మా ఆంటీ నీకు ఉలి పెడుతుంది, రా" అంది. ఉలి అనగానే నాకు రాళ్లు చెక్కేది గుర్తొచ్చి కాస్త భయపడ్డాను. తీరా చూస్తే మన గోరింటాకు లాంటిదే. ఏదో కాయ పిండిన రసంతో ఒంటిమీద ముగ్గులు వేస్తారు.

మెడ నిండా ఎర్రపూసలతో ఉన్న ఆంటీ నా చెయ్యి పట్టుకుని సన్నటి పుల్లతో గీతలు గీసింది. "మా అమ్మ రోజుల్లో ఇది పెట్టుకోకుండా ఆడవాళ్లు పండక్కి వెళ్లేవారు కాదు. ఇప్పుడు పెళ్లికూతురే ఫోటోల కోసం స్టిక్కర్లు అంటించుకుంది. పూసలు మాత్రం వదల్లేదులే" అని నవ్వింది. "ఆరేదాకా దేనికీ తగలనివ్వకు" అని కూడా చెప్పింది.

చూస్తే రంగే లేదు, నీళ్లు రాసినట్టుంది. రసం పాడైపోయిందేమో, పెద్దావిడతో ఏమంటాం అని ఊరుకున్నా. పెళ్లి టెంట్‌లో ఒకటే ఉక్క. డాన్స్ చేస్తూ అదే చేత్తో మూతి మీద చెమట తుడుచుకున్నా.

పొద్దున మా ఆయన కాఫీ కప్పుతో వచ్చి అలాగే నిలబడిపోయాడు. "లలితా, నువ్వేనా?" అన్నాడు. అద్దంలో చూస్తే పెదవి పైన నల్లగా, దట్టంగా మీసం. చేతి మీద ముగ్గు సగం అలికిపోయింది గానీ మీసం మాత్రం బ్రహ్మాండంగా పండింది.

సబ్బు, కొబ్బరినూనె, నిమ్మచెక్క అన్నీ అయ్యాయి. కదల్లేదు. చియోమాకి ఫోన్ చేస్తే ఆంటీకి ఇచ్చింది. "ఉలి రాత్రంతా ఉంటేనే నల్లబడుతుందమ్మా. వారంలో దానంతటదే పోతుంది" అంది ఆవిడ. వెనక ఇల్లంతా నవ్వుతున్నారు.

వారం నాకెక్కడిది? ఆ రోజుతో నా డ్రైవింగ్ లైసెన్స్ ఎక్స్‌పైర్ అయిపోతోంది. పదింటికి రెన్యువల్ అపాయింట్‌మెంట్. అది పోతే మళ్లీ ఎప్పటికి దొరుకుతుందో తెలీదు. కారు లేకపోతే ఇక్కడ పాల డబ్బా కూడా తెచ్చుకోలేం. మీసం మీద ఫౌండేషన్ దట్టించి లైసెన్స్ ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో ఆవిడ నన్నొకసారి చూసి, "రెడీనా?" అని క్లిక్ చేసింది. ఫౌండేషన్ దారిలోనే చెమటకి కారిపోయిందని ఫోటో చూశాక తెలిసింది.

మూతి మీద మీసం వారంలో పోయింది. లైసెన్స్ ఫోటోలో మీసం మాత్రం వీసా ఉన్నన్నాళ్లూ ఉంటుంది, ఇక్కడ వీసా ఎన్నాళ్లో లైసెన్సూ అన్నాళ్లకే ఇస్తారు. వీసా ఎక్స్‌టెన్షన్ మూడేళ్లకి వచ్చిందని ఫ్రెండ్స్ అందరూ కంగ్రాట్స్ చెప్తున్నారు. థాంక్స్ అంటున్నా గానీ, ఒక్క ఏడాదికే ఇచ్చి ఉంటే బాగుండేదని ఏడ్చిన హెచ్‌వన్‌బీ మనిషిని ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.