బావ పాసైన ఇంటర్వ్యూ

మా బావ ఏళ్ల తరబడి ఒక కంపెనీని తిడుతున్నాడు. పుట్టినరోజు విందుల్లో తిడతాడు, పార్కింగ్ లాట్‌లో కారు ఎక్కుతూ కూడా తిడతాడు. ఆ తిట్లు నిజానికి నాకు చెందాలి. ఆ సంగతి నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు కాబట్టి, ఇన్నాళ్లూ పక్కనే కూర్చుని బజ్జీలు తింటూ ఊరుకున్నాను.

మేము అమెరికా వచ్చిన కొత్తల్లో, ఇంగ్లీషు వచ్చనుకోవడానికి పెద్దగా ఏమీ రానక్కర్లేదు. పక్కవాడికి మనకంటే కాస్త తక్కువ వస్తే చాలు. పార్సిప్పనీ అనే ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం ఉండేవాళ్లం. నేను కాన్వెంటులో చదివినవాణ్ణి. బావ (చుట్టరికమేమీ లేదు, వయసులో పెద్ద కాబట్టి అందరికీ బావే) తెలుగు మీడియం. ఇంట్లో అందరికీ కలిపి ఒకటే ఫోన్. అది మోగితే బావ నావైపు చూసి, “ఒరేయ్ దొరా, నువ్వెత్తు” అనేవాడు. నేను గొంతు సవరించుకుని ఎత్తేవాణ్ణి.

అందులోనూ ‘పాస్’ అనే మాట మీద నాకు మంచి పట్టుందని నమ్మకం. దాని అర్థాలన్నీ మనకి చిన్నప్పటి నుంచీ తెలిసినవే కదా. పరీక్ష పాసవుతాం, బస్ పాస్ కొంటాం, ఆఫీసులో బిల్లు పాస్ చేయిస్తాం, ఏమీ తోచకపోతే టైమ్ పాస్ చేస్తాం. (చిటికెన వేలు చూపించి క్లాసులోంచి వెళ్లే పాస్ కూడా ఒకటుంది గానీ, దాని గురించి ఇక్కడ వద్దు.) ఒకసారి రోడ్డు పక్కన ‘డు నాట్ పాస్’ అన్న బోర్డు చూసి, ముందుకి వెళ్లనివ్వరేమోనని బావ కారు వెనక్కి తిప్పబోయాడు. ముందు కారుని ఓవర్‌టేక్ చేయొద్దని దానర్థం అని నేను వివరించాను. వివరించి ఊరుకోలేదు, ఆ వారమంతా కనిపించిన ప్రతివాడికీ ఆ కథ చెప్పాను.

ఆ చలికాలం బావకి ప్రాజెక్ట్ లేదు. భార్యా, ఏడాది కూడా నిండని కూతురూ ఒంగోల్లో ఉన్నారు. ఇక్కడ ఉద్యోగం కుదిరితే గానీ వాళ్లు రావడానికి లేదు. మిషిగన్‌లోని నోవైలో ఒక కార్ల విడిభాగాల కంపెనీ వాళ్లు వచ్చి చేరమన్నారు, ఏ సంగతీ శుక్రవారంలోగా చెప్పమన్నారు. బావ మనసు మాత్రం మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లోనే తాను ఇంటర్వ్యూ ఇచ్చిన ఇంకో కంపెనీ మీద ఉంది. గురువారం బావ సరుకుల కోసం మన దుకాణాలుండే ఐసెలిన్ వెళ్లినప్పుడు, ఆ ఇంటర్వ్యూ కుదిర్చిన రిక్రూటర్ ఫోన్ చేసింది.

“దే రియల్లీ లైక్డ్ హిమ్, బట్ దే ఆర్ గోయింగ్ టు పాస్” అంది.

మధ్యలో ఆ ‘బట్’ ఎందుకొచ్చిందా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. వీళ్ల యాసలో అలా ఏదో పడుతూ ఉంటుందిలే అనుకున్నాను. “థాంక్యూ మేడమ్, వియ్ ఆర్ వెరీ హ్యాపీ” అన్నాను. ఆవిడ, ఇలాంటి కబురుని ఇంత మంచిగా తీసుకున్నవాళ్లని తానెప్పుడూ చూడలేదని చెప్పి పెట్టేసింది. (దాన్ని కూడా పొగడ్త కిందే జమ వేసుకున్నాను.)

బావ సంచులతో లోపలికి రాగానే, “బావా, పాసయ్యావు” అన్నాను.

“అలాగే అన్నారా?”

“పాస్ అన్న మాట నా చెవులారా విన్నాను.”

బావ కందిపప్పు సంచి నేల మీద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు. కాసేపటికి లేచి ఒంగోలుకి ఫోన్ చేశాడు. మర్నాడు నోవై వాళ్లకి రానని చెప్పేశాడు. “ఆ మంచులో పసిపిల్లతో కష్టంరా. పోనీలే, అంతా మన మంచికే” అన్నాడు.

సోమవారం మా ఆఫీసులో ఎవరో డోనట్ల పెట్టె తెచ్చారు. నా పక్క సీటు పెద్దమనిషి వాటిని ఆశగా చూసి, పొట్ట నిమురుకుని, “ఐ విల్ పాస్” అంటూ పెట్టె నావైపు తోసేశాడు. ఆయనకి డోనట్లంటే ఇష్టమే. అయినా వద్దన్నాడు. నేను ఆ పెట్టె పట్టుకుని అలాగే నిలబడిపోతే, ఏది తీసుకోవాలో తేల్చుకోలేకపోతున్నాననుకుని ఆయన రెండు తీసుకోమన్నాడు.

సాయంత్రం ఇంటికెళ్లగానే బావ, “ఇంకా జాయినింగ్ లెటర్ రాలేదు, ఒకసారి కనుక్కోరా దొరా” అన్నాడు. ఫోన్ పట్టుకుని గదిలోకి వెళ్లాను. ఎవరికీ చేయకుండా కాసేపు మంచం మీద కూర్చుని బయటికొచ్చి, “మాట మార్చేశారంట బావా” అన్నాను. నోవైలో అప్పటికే ఇంకొకర్ని తీసుకున్నారు. భార్యాపిల్లలు రావడం ఇంకో ఏడాది వెనక్కి పోయింది. ఆ పిల్ల మొదటిసారి ‘నాన్న’ అన్నది ఫోన్ రిసీవర్‌ని చూసి. ఆ సంగతి బావ నవ్వుతూనే చెప్పేవాడు, చెప్పాక ఆ కంపెనీని తిట్టేవాడు.

మొన్నీ మధ్య వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. ఆ పిల్ల చదువు పూర్తయింది, సరిగ్గా ఆ కంపెనీలోనే ఉద్యోగం వచ్చింది. బావ వద్దంటున్నాడు.

“మాటిచ్చి తప్పేవాళ్లమ్మా వాళ్లు. కావాలంటే అంకుల్‌ని అడుగు, ఫోన్‌లో విన్నది ఆయనే.”

“అంకుల్, మీరు చెప్పు డాడ్‌కి. ఐ రియల్లీ వాంట్ దిస్. అసలు అప్పుడు వాళ్లు ఎగ్జాక్ట్‌గా ఏమన్నారు?”

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది. వయసు పెరిగింది కాబట్టి అది ఇంకా నున్నగా వచ్చింది. కానీ ఆ పిల్ల నన్ను నమ్మి అడుగుతోంది. ఆ వాక్యం విన్నది విన్నట్టు, ‘బట్’తో సహా అప్పజెప్పాను.

అమ్మాయి నవ్వేసింది. మా ముఖాలు చూసి ఆపేసింది. “డాడ్, దే సెడ్ నో. వాళ్లు ఎప్పుడూ యెస్ అనలేదు.”

బావ భార్య వడ్డించే గరిటె గిన్నెలో పెట్టేసింది. బావ నావైపు తిరిగాడు.

“నీకెప్పుడు తెలిసింది?”

“ఆ సోమవారమే.”

“మరి ఇన్నేళ్లు నేను తిడుతుంటే?”

“వింటూ కూర్చున్నాను.”

బావ కంచం కాస్త వెనక్కి జరిపాడు. తర్వాత కూతురితో, “వెళ్లి చేరమ్మా. వాళ్ల తప్పేం లేదు” అన్నాడు.

‘అంటే ఏమిటి మేడమ్’ అని ఆ రోజు ఆవిణ్ణి ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది. అడిగితే తన దొరతనం పోతుందనుకున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు కోపం కూడా రాదు, కాస్త నవ్వొస్తుంది. వాడు చెప్పాల్సింది మాత్రం నేనే చెప్పాల్సి వచ్చింది.

“తప్పయింది బావా. అక్కా, నీకు కూడా చెబుతున్నాను. మీరు ముగ్గురూ ఒక ఏడాది విడిగా ఉండాల్సి వచ్చింది నా వల్లే. నన్ను క్షమించండి.”